[దొరికింది] వేడెక్కాక ఆగిపోతున్న 26 సీసీ బాజా, కాయిలేనా?

నాగావళి గట్టు | శ్రీకాకుళం | ఆదివారం రాత్రి 9:12

నమస్కారమండీ. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు తప్పలేదు.

బండి హెచ్‌పీఐ బాజా 5బీ, రిమోట్‌తో నడిపే 1/5 స్కేలు కారు, 26 సీసీ పెట్రోలు ఇంజిన్. విశాఖలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఏడు నెలలైంది. నాగావళి ఇసుకలో తిప్పుతాను. వరి కోతలయ్యాక మాత్రం ఆమదాలవలస వైపు మా మావయ్య మడిలో.

చల్లటి ఇంజిన్ రెండు లాగులకే అందుకుంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా పరుగెడుతుంది. తర్వాత ట్రిగ్గర్ వదిలినా మోత వెంటనే దిగదు, అలాగే గీపెడుతూ ఉండి నెమ్మదిగా తగ్గుతుంది. ఇంకో రెండు నిమిషాలకి ఫుల్ థ్రాటిల్‌లో గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. ఆ తర్వాత భుజం పడిపోయేలా లాగినా పలకదు. గట్టు మీద కూర్చుని టీ తాగి, పెట్రోలు నింపి, అరగంటకి లాగితే మళ్లీ మామూలే.

కొత్త ప్లగ్గు వేశాను (ఎన్‌జీకే సీఎంఆర్7హెచ్, గ్యాపు 0.6). ఫిల్టర్ కడిగాను. కార్బురేటర్ మీది హెచ్ స్క్రూ (ఎక్కువ వేగంలో పెట్రోలు ఎంత వెళ్లాలో సరిచేసేది) అటూ ఇటూ తిప్పి చూశాను, ఎంత తిప్పినా అదే. వేడెక్కితేనే వస్తోంది కాబట్టి ప్లగ్గుకి స్పార్కు ఇచ్చే కాయిల్ పోయిందని నా అనుమానం. బయటి నుంచి తెప్పిద్దామంటే కస్టమ్స్, కొరియర్ కలిపి కాయిల్ ధరని దాటిపోతున్నాయి. కొనేముందు మీ మాట వినాలని.

---

బొబ్బిలి బుల్లోడు | బొబ్బిలి | ఆదివారం రాత్రి 9:31

కాయిలే అన్నా, డౌటే లేదు. మా బావ పాత స్కూటర్‌కి అచ్చం ఇదే. వేడెక్కితే చచ్చేది, చల్లారితే బతికేది. మెకానిక్ కాయిల్ మార్చాక మళ్లీ ఆ గొడవ లేదు. పెట్టెయ్ ఆర్డరు.

---

గరివిడి గేరు | గరివిడి | ఆదివారం రాత్రి 9:50

కొనేముందు కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య గ్యాపు చూడండి. 0.3 మి.మీ. ఉంటే చాలు. ఫీలర్ గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి, ఫ్లైవీల్ అయస్కాంతాన్ని కాయిల్ ఎదురుగా తెచ్చి, అది లాక్కున్నాక స్క్రూలు బిగించి కార్డు లాగేయడమే. నేను ఒకసారి ఇంట్లో విజిటింగ్ కార్డు దొరక్క మా పెళ్లికార్డు ముక్క వాడాను. మందం ఎక్కువై స్పార్కు నీరసంగా వచ్చింది. ఇంట్లో చీవాట్లు అదనం.

---

లేత్ మాష్టారు | విజయనగరం | ఆదివారం రాత్రి 10:44

బుల్లోడూ, డౌటే లేదంటే ఎలా? ఉండాలి.

కాయిల్ వేడికి పోతే ఇంజిన్ టప్పుమని ఆగుతుంది, లేదంటే తుమ్ముతూ తుమ్ముతూ ఆగుతుంది. ట్రిగ్గర్ వదిలాక కూడా మోత దిగకుండా వేలాడటం స్పార్కు చేసే పని కాదు. అది దాహం. లోపలికి గాలి ఎక్కువ వెళ్తోంది, పెట్రోలు తక్కువ వెళ్తోంది. మనవాళ్లు లీన్ అంటారే, అదే. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కి నూనె అందేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టు. అంచేత ఇది తేలేదాకా ఫుల్ థ్రాటిల్ కొట్టకండి, నా మాట వినండి.

ఇవి చెప్పండి. ఆగిన వెంటనే ప్లగ్గు తీస్తే ఏ రంగులో ఉంది? ఆయిల్ ఎంత కలుపుతున్నారు? హెచ్, ఎల్ (తక్కువ వేగానిది) స్క్రూలు మూసిన దగ్గర్నుంచి ఎన్ని తిప్పులు? ట్యాంకు నుంచి కార్బురేటర్‌కి వచ్చే గొట్టంలో బుడగలు కనిపిస్తున్నాయా?

---

నాగావళి గట్టు | సోమవారం ఉదయం 7:05

మాష్టారూ, ప్లగ్గు కొస సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. హెచ్ ఒకటిన్నర తిప్పులు, ఎల్ ఒకటింపావు. గొట్టం ఒకప్పుడు పసుపు రంగులో ఉండేదట. ఇప్పుడు బెల్లం పాకంలా అయిపోయింది, లోపల ఏమీ కనిపించదు.

ఆయిల్ లీటరుకి 25 మి.లీ. మా వీధిలో మందు కొట్టే తైవాన్ పంపులు బాగుచేసే కుర్రాడు "అంత చాలు, ఎక్కువైతే పొగ" అన్నాడు.

---

ఉద్దానం జీడి | కవిటి | సోమవారం ఉదయం 7:20

లీటరుకి 25 అంటే 40:1, నలభై పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్. బాబోయ్.

---

రాజాం రోడ్డు | రాజాం | సోమవారం ఉదయం 8:02

బాబోయ్ ఎందుకండీ? మంచి సింథటిక్ ఆయిల్ అయితే 40:1 బాగానే నడుస్తుంది. నేను మూడేళ్లుగా అదే. పొగ లేదు, ప్లగ్గు నల్లబడదు. 25:1 అనేది పాతకాలం మినరల్ ఆయిల్ లెక్క.

---

ఉద్దానం జీడి | సోమవారం ఉదయం 8:15

మీ బండి మడిలో నడుస్తుంది, ఆయనది ఇసుకలో. ఇసుకలో ఇంజిన్‌కి ఊపిరి తిరగదు. ఒక్క ఆదివారం మీ బండితో బారువ బీచ్‌కి రండి, మీ 40:1 సంగతి చూద్దాం.

---

లేత్ మాష్టారు | సోమవారం మధ్యాహ్నం 1:30

భోజనానికి వచ్చి చూసేసరికి ఇక్కడ కోడిపందెం.

బాజా పుస్తకంలో 25:1 అనే ఉంది, లీటరుకి 40 మి.లీ. నేను నికార్సైన సింథటిక్‌తో 32:1 వాడతాను, లీటరుకి 31. అంతకంటే తగ్గించే ధైర్యం నాకు లేదు. అర లీటరు ఆయిల్ మిగిల్చి పిస్టన్ కొనుక్కోవడం నాకు లెక్క కుదరలేదు. రాజాం వారి బండి మూడేళ్లు నడిచిందంటే సంతోషమే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆయిల్ పెంచాక స్క్రూలు అలాగే వదిలేస్తే బండి ఇంకాస్త లీన్ అవుతుంది. కార్బురేటర్ జెట్టులోంచి (పెట్రోలు వచ్చే సన్న కన్నం) వెళ్లేది అదే పరిమాణం, అందులో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది కదా. అందుకే పాళ్లు మార్చిన ప్రతిసారీ హెచ్ మళ్లీ చూసుకోవాలి.

కానీ గట్టుగారి జబ్బు ఆయిల్‌ది కాదు. ఆయిల్ తక్కువైతే మొదటి నిమిషం నుంచీ తక్కువే, ఇరవయ్యో నిమిషంలో గుర్తుకురాదు. కార్బురేటర్ వెనక ఇన్సులేటర్ బ్లాకు దగ్గర గాస్కెట్ చిరిగిందేమో చూడండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా సబ్బునీళ్లు బ్రష్‌తో ఆ అతుకుల మీద రాయండి. మోత మారితే లీకు అక్కడే.

---

ఉద్దానం జీడి | సోమవారం సాయంత్రం 6:48

నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ఆయిల్ గొడవలో అందరూ మర్చిపోయిన సంగతి, ఆ ఆయిల్ కలిపేది ఎందులో అని. 2022 నాటికి మన బంకుల పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంది. 2025కి 20 శాతం అయింది. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. అంటే పాత పెట్రోలు రోజుల్లో పుస్తకంలో రాసిన స్క్రూ లెక్కలతో ఇప్పటి పెట్రోలు పోస్తే ఇంజిన్ దానంతటదే కొంచెం లీన్‌లోకి వెళ్తుంది. హెచ్ స్క్రూ కాస్త విప్పుకోవాల్సిందే.

ఊరికే చెప్పడం ఎందుకని ఇవాళ ఖాళీ పీరియడ్‌లో చేసి చూశాను. వంద మి.లీ. కొలజాడీలో 10 మి.లీ. నీళ్లు, అందులో ఒక చుక్క నీలం సిరా. పైన 50 మి.లీ. పెట్రోలు. బిరడా పెట్టి బాగా కుదిపి, మధ్యలో ఒకసారి మూత తీసి ఆవిరి వదిలి, పావుగంట కదపకుండా ఉంచాను. కింద నీలం 10 గీత దగ్గర ఉండాల్సింది 20కి ఒక్క గీత తక్కువలో తేలింది. ఇథనాల్ పెట్రోలుని వదిలేసి నీళ్లలోకి దిగిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టారు మాత్రం "ఆ వాసన ఏటి?" అంటూ వచ్చారు.

కిటికీలన్నీ తీసి, దగ్గర్లో మంట లేకుండా చేశాను. ఇంట్లో వంటగదిలో చేయకండి.

---

బొబ్బిలి బుల్లోడు | సోమవారం సాయంత్రం 7:10

అయితే జీడి మాష్టారూ, పైన తేలిన పెట్రోలు ఇథనాల్ లేనిదే కదా? దాన్నే వంచుకుని పోస్తే?

---

ఉద్దానం జీడి | సోమవారం సాయంత్రం 7:26

వద్దు బాబూ. ఇథనాల్ పోతే దానితోపాటు ఆక్టేన్ (ముందే పేలకుండా తట్టుకునే గుణం) కూడా పడిపోతుంది, ఇంజిన్ నాక్ కొడుతుంది. పైగా ఎంత జాగ్రత్తగా వంచినా నీటి తడి వస్తుంది. దీనికంటే చేయాల్సింది తేలిక. ఆదివారానికి సరిపడా కలుపుకో. మిగిలింది అదే రోజు స్కూటర్‌లో పోసెయ్. బండి ట్యాంకు ఖాళీ చేసి, ఐడిల్‌లో దానంతటదే ఆగేదాకా నడిపి, అప్పుడు షెడ్డులో పెట్టు. కార్బురేటర్‌లో ఇథనాల్ పెట్రోలు నెలల తరబడి నిలవుంటే డయాఫ్రం (లోపల పెట్రోలు తోడే పల్చటి పొర) అట్టలా గట్టిపడుతుంది. పాతరకం గొట్టాలు కూడా అంతే.

---

గరివిడి గేరు | సోమవారం రాత్రి 8:00

స్కూటర్‌లో పోయడం సరే, అసలు పెట్రోలు తెచ్చుకోవడమే తలనొప్పి. బాటిల్‌లో పొయ్యరు. నేను స్కూటర్‌కి ఫుల్ ట్యాంకు కొట్టించి ఇంటికొచ్చి గొట్టం వేసి తీస్తాను. చూసేవాళ్లకి నా స్కూటర్‌లో నేనే దొంగతనం చేస్తున్నట్టు ఉంటుంది.

---

పొందూరు పినియన్ | పొందూరు | సోమవారం రాత్రి 10:15

మొత్తం చదివాను. గట్టుగారి మొదటి పోస్టు మళ్లీ రెండుసార్లు చదివాను. అందులో ఒక మాటని ఎవరూ పట్టించుకోలేదు: "టీ తాగి, పెట్రోలు నింపి, అరగంటకి లాగితే".

అన్నగారూ, మీరు రెండు పనులు కలిపి చేస్తున్నారు. ఇంజిన్ చల్లారుతోంది, ట్యాంకు కూడా నిండుతోంది. బాగవడానికి కారణం చల్లారడమే అని ఎలా తెలుసు? నింపడం ఎందుకు కాకూడదు?

రెండు పరీక్షలు చేయండి. ఒకటి, పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ని పావు ట్యాంకుతో స్టార్ట్ చేయండి. రెండు, ఈసారి ఆగిపోయినప్పుడు టీ తాగకండి. వేడివేడిగా ఉండగానే పక్కకి తీసి, పెట్రోలు కారకుండా గరాటుతో నింపి వెంటనే లాగండి. సైలెన్సర్ మీద ఒక్క చుక్క పడకూడదు.

---

లేత్ మాష్టారు | సోమవారం రాత్రి 10:31

అమ్మా, దండం. నలభై ఏళ్లుగా ఇంజిన్లు విప్పుతున్నాను, నాకు తట్టలేదు. గట్టుగారూ, నేను చెప్పిన సబ్బునీళ్లు తర్వాత, ముందు ఇది చేయండి.

---

వంశధార వంపు | నరసన్నపేట | మంగళవారం ఉదయం 6:40

మధ్యలో అడ్డొస్తున్నాను. వచ్చే ఆదివారం కళింగపట్నం బీచ్‌కి ఎవరైనా వస్తున్నారా? వంశధార సముద్రంలో కలిసే చోట తడి ఇసుక గట్టిగా ఉంటుంది, ప్యాడిల్ టైర్లు (ఇసుకని తవ్వే రెక్కలున్నవి) వేసి కొట్టాలని ఉంది.

---

ఉద్దానం జీడి | మంగళవారం ఉదయం 6:58

ఇప్పుడొద్దండీ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరమంతా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఇసుకలో మూరెడు లోతున గుడ్లుంటాయి, పైనుంచి చూస్తే తెలియదు. పొదిగి బయటికొచ్చిన పిల్ల అరచేతిలో సగం ఉంటుంది. మన ప్యాడిల్ టైరు తీసిన చాళ్లలో పడితే అది సముద్రం దాకా ఎక్కలేదు, ఆ చాలు వెంబడే పక్కకి నడుచుకుంటూ పోతుంది, కాకులు తన్నుకుపోతాయి. నేను పైన రాజాంగారిని బారువ రమ్మన్నది కూడా మే దాటాకే.

ఆ తర్వాత వెళ్లినా సరుగుడు తోటల వైపు వెళ్లండి. జనం ఉన్న చోట, ముఖ్యంగా సాయంత్రాలు, 10 కిలోల బండి గంటకి 60 మీద వస్తుంటే పిల్లాడి కాలికి తగిలిందంటే విరిగినట్టే. నాకు ఎప్పుడూ ఆ టెన్షనే.

---

వంశధార వంపు | మంగళవారం ఉదయం 7:12

నిజమే, తాబేళ్ల సంగతి ఆలోచించలేదు. మడిలోనే కొడతాను.

---

రాజాం రోడ్డు | మంగళవారం ఉదయం 9:25

ఇసుక మాట వచ్చింది కాబట్టి. ఆయిల్ విషయంలో నన్ను తిట్టుకోండి, ఫిల్టర్ విషయంలో వినండి. గట్టుగారు "ఫిల్టర్ కడిగాను" అని ఒక్క ముక్కలో అనేశారు. ఎలా కడిగారు? నాగావళి ఇసుకకంటే మడిలో ఎర్రధూళి ప్రమాదం. ఇసుక రేణువు లావు, స్పాంజిలో ఇరుక్కుంటుంది. ధూళి పిండిలా ఉంటుంది, పొడి స్పాంజిని దాటేస్తుంది.

స్పాంజిని పెట్రోలులో కడగకూడదు, రెండు పొరల్నీ అతికించిన జిగురు ఊడుతుంది. సబ్బునీళ్లలో పిసికి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, రాత్రంతా నీడలో ఆరబెట్టండి. మర్నాడు పాలిథిన్ కవరులో వేసి రెండు చెంచాల ఫిల్టర్ ఆయిల్ పోసి బయటి నుంచి పిసుకుతూ ఉండండి, రంగు అంతా ఒకేలా వచ్చేదాకా. కారకూడదు, వేలికి జిగటగా అంటాలి. ఫిల్టర్ కూర్చునే అంచు చుట్టూ సన్నగా గ్రీజు.

అది పనిచేస్తోందో లేదో తెలియాలంటే ప్రతి ఆదివారం ఇంటికొచ్చాక ఫిల్టర్ తీసి, తెల్ల గుడ్డ వేలికి చుట్టి కార్బురేటర్ నోట్లో తిప్పండి. గుడ్డ మీద ఎర్రటి మరక కనిపిస్తే ఆ ధూళి అప్పటికే సిలిండర్ దాకా వెళ్లింది. నా మొదటి ఇంజిన్ అలాగే పోయింది. ఎనిమిది నెలలు కూడా నడవలేదు.

---

లేత్ మాష్టారు | మంగళవారం రాత్రి 9:40

గుడ్డ పరీక్ష నూటికి నూరుపాళ్లు. ఈ మాటకి మీ 40:1ని క్షమించేశాను.

---

నాగావళి గట్టు | గురువారం రాత్రి 8:20

రెండు పరీక్షలూ అయ్యాయి.

నిన్న పొద్దున్న ఆరింటికి, చల్లటి ఇంజిన్, పావు ట్యాంకు. స్టార్టయింది. ఇంటి వెనక ఖాళీ జాగాలో నెమ్మదిగా తిప్పాను. ఫోన్‌లో టైమర్ పెట్టాను. ఒక నిమిషం యాభై సెకన్లకి ట్రిగ్గర్ వదిలితే మోత దిగలేదు! రెండున్నర నిమిషాలకి ఆగిపోయింది. సైలెన్సర్ ఇంకా సరిగ్గా వేడెక్కనే లేదు. మా అమ్మ అరుగు మీద నుంచి "ఆ రంపం మిషను ఆపరా, పక్కోళ్లు లేస్తారు" అంటోంది.

సాయంత్రం నిండు ట్యాంకుతో నదిలోకి తీసుకెళ్లాను. ఇరవై నిమిషాలకి ఆగింది. చెయ్యి పెట్టలేనంత వేడి. ఐదు నిమిషాలు కూడా ఆగకుండా గరాటుతో నింపి లాగాను. మూడో లాగుకి అందుకుంది. ఐడిల్ గడియారంలా ఉంది.

వేడి కాదు. కాయిల్ కాదు. పొందూరు చెల్లెమ్మా, నా జేబులో డబ్బులు మిగిల్చారు.

---

బొబ్బిలి బుల్లోడు | గురువారం రాత్రి 8:31

కాయిల్ ఆర్డరు పెట్టెయ్ అన్నది నేనే. ఆ పోస్టు తీసెయ్యొచ్చా?

---

పొందూరు పినియన్ | గురువారం రాత్రి 8:35

ఉంచండి, సరదాగా ఉంది.

ఇప్పుడు ట్యాంకు లోపలి గొట్టం చూడండి. బయట బెల్లం పాకమైతే లోపల ఇంకెలా ఉందో. రబ్బరు బుడిపెలోంచి లోపలికి దిగిన చోట అది మడత పడుతుంది. పగులు సాధారణంగా అక్కడే. ట్యాంకు నిండుగా ఉంటే ఆ పగులు పెట్రోలులో మునిగి ఉంటుంది, అది లాగేదీ పెట్రోలే. మట్టం కిందికి దిగగానే పగులు బయటపడి గాలి లాగుతుంది. అప్పుడు మీరు హెచ్ స్క్రూ ఎంత తిప్పినా వచ్చేది గాలే.

---

నాగావళి గట్టు | శుక్రవారం రాత్రి 9:05

తీశాను. చేతిలో పట్టుకుని రాస్తున్నాను.

ట్యాంకు ఖాళీ చేసి, నోస్ ప్లయర్‌తో రబ్బరు బుడిపెని నెమ్మదిగా తిప్పుతూ పైకి లాగితే గొట్టం మొత్తం వచ్చింది, కొసన బరువున్న చిన్న ఫిల్టర్‌తో సహా. ముట్టుకుంటే ప్లాస్టిక్ స్ట్రాలా గట్టిగా ఉంది. మామూలుగా చూస్తే ఏమీ లేదు. బుడిపెకి వేలెడు కింద రెండు వేళ్లతో వంచాను. నవ్వినట్టు నోరు తెరుచుకుంది. అడ్డంగా గోరంత పగులు, పక్కనే సన్నగా ఇంకో రెండు. వదిలేస్తే మళ్లీ మూసుకుని ఏమీ ఎరగనట్టు ఉంది. ఒక కొస వేలితో మూసి, రెండో కొస నోట్లో పెట్టి ఊదితే బుస్సుమంటోంది. (పెట్రోలు రుచి ఇంకా పోలేదు. మీరు నీళ్లలో ముంచి ఊదండి, సైకిల్ ట్యూబు చూసినట్టు.)

---

లేత్ మాష్టారు | శుక్రవారం రాత్రి 9:22

శుభం. కొత్త గొట్టం బయటి నుంచి తెప్పించక్కర్లేదు. మీ వీధి పంపుల కుర్రాడి దగ్గరే అడగండి. తైవాన్ పంపుకీ, గడ్డి కోసే మిషనుకీ, మన ఇంజిన్‌కీ కార్బురేటర్ దాయాదులే. పాత గొట్టం ముక్క తీసుకెళ్లి లోపలి కొలత సరిచూసుకోండి. ట్యాంకు లోపలికి ఇథనాల్ తట్టుకునే నల్ల వైటన్ రకం వేయండి. బయటికి పారదర్శకంగా ఉండేది వేయండి, బుడగలు కనిపించాలి. పాడవకపోయినా ఏడాదికోసారి మార్చేయడమే.

---

ఉద్దానం జీడి | శుక్రవారం రాత్రి 9:40

డయాఫ్రం కిట్టు కూడా మార్చేయండి పనిలో పని. మా వైపు 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరి, జీడి చెట్లు కోయడానికి ఊరూరా చైన్‌సాలు దిగాయి. అప్పటి నుంచి పలాస వైపు మెకానిక్‌ల దగ్గర వాల్‌బ్రో కంపెనీ కార్బురేటర్ రకం కిట్లు దొరుకుతున్నాయి. నేను రెండుసార్లు అక్కడే కొన్నాను. కార్బురేటర్ మీద అచ్చువేసిన నంబరు ఫోటో తీసుకెళ్లండి, లేకపోతే కాస్త తేడాగా ఉన్నది అంటగడతారు.

---

లేత్ మాష్టారు | శనివారం ఉదయం 7:00

ఇంకొకటి. ఎన్ని నెలలు ఇలా లీన్‌లో పరుగెత్తించారో మనకి తెలియదు. గొట్టం మార్చి సంబరపడే ముందు సైలెన్సర్ రెండు బోల్టులు విప్పి, పుల్ స్టార్టర్ తాడు నెమ్మదిగా లాగుతూ, ఆ కన్నంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి.

---

నాగావళి గట్టు | శనివారం ఉదయం 10:30

చూశాను. పిస్టన్ మీద నిలువుగా రెండు గీతలు. గోరు పెట్టి అడ్డంగా గీస్తే ఒకటి తెలుస్తోంది, రెండోది తెలియడం లేదు. రింగు కదులుతోంది. ఇంజిన్ పోయినట్టేనా?

---

రాజాం రోడ్డు | శనివారం ఉదయం 10:41

గోరుకి తగిలిందంటే పిస్టన్, రింగు మార్చేయండి. సిలిండర్‌కి అంటుకున్న అల్యూమినియం ఉంటే అదీ చూడాలి. ఇప్పుడు మారిస్తే పిస్టన్‌తో పోతుంది, ఆలస్యం చేస్తే సిలిండర్‌తో పోతుంది.

---

లేత్ మాష్టారు | శనివారం ఉదయం 11:15

నాది వేరే మాట. రింగు ఆడుతోంది కదా. సైలెన్సర్ బిగించి, చల్లటి ఇంజిన్‌తో, స్విచ్ ఆఫ్‌లో ఉంచి, పుల్ స్టార్టర్ పిడి పట్టుకుని బండి మొత్తం పైకెత్తండి. గడపమీద నుంచి కాదు, కింద పరుపో గోనెసంచో వేసుకుని జానెడు ఎత్తులో. కంప్రెషన్ బాగుంటే బండి తాడుకి వేలాడుతూ ఆగి ఆగి దిగుతుంది. సర్రున కిందికి జారిపోతే రాజాంగారి మాటే వినండి.

---

నాగావళి గట్టు | శనివారం మధ్యాహ్నం 12:20

వేలాడింది. ఒక్కో కంప్రెషన్‌కి ఆగి ఆగి, నాలుగు సెకన్లకి గోనె మీద దిగింది. మా తమ్ముడు వీడియో తీశాడు. బావిలో బిందె దింపినట్టు ఉంది.

---

లేత్ మాష్టారు | శనివారం మధ్యాహ్నం 12:34

అయితే నడపండి. 25:1 కలిపి, హెచ్ పావు తిప్పు విప్పి, రెండు ట్యాంకులు నెమ్మదిగా. నాలుగో ట్యాంకు తర్వాత మళ్లీ టార్చి వేసి చూడండి. గీత ముదిరితే మార్చేద్దాం.

---

గరివిడి గేరు | శనివారం సాయంత్రం 5:10

ఇదంతా సరే. గట్టుగారూ, మీ బండికి కిల్ స్విచ్ ఉందా?

---

నాగావళి గట్టు | శనివారం సాయంత్రం 5:18

లేదండీ. రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ పెట్టాను, సిగ్నల్ పోతే బ్రేకు పడుతుంది. చాలదా?

---

గరివిడి గేరు | శనివారం సాయంత్రం 5:45

చాలదు. నాకు చాలలేదు.

సిగ్నల్ పోతే ఫెయిల్‌సేఫ్ సర్వోని (థ్రాటిల్, బ్రేకు కదిపే చిన్న మోటారు) బ్రేకు వైపు తిప్పుతుంది. కానీ రిసీవర్ బ్యాటరీయే చచ్చిపోతే సర్వోని తిప్పడానికి కరెంటేది? ఎక్కడున్నది అక్కడే నిలబడిపోతుంది. నాకు పోయిన సంక్రాంతికి సగం థ్రాటిల్‌లో ఉండగా బ్యాటరీ కనెక్టర్ అదురుకి ఊడింది. బండి మడిగట్టు ఎగిరి, పక్క కమతంలో గడ్డివాములోకి సగం దూరి, అక్కడ చక్రాలు తిరుగుతూ గడ్డి వెనక్కి చిమ్ముతోంది. నూర్పిడి మిషనే. సైలెన్సర్ ఆ గడ్డికి ఆనుకుని ఉంది. పరుగెత్తి వెళ్లి ఇంజిన్ మీద ఎర్ర బటన్ నొక్కేసరికి గడ్డి పొగ వాసన వస్తోంది. బిందె నీళ్లు పోశాం. రైతు మా బంధువే కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ నన్ను చూస్తే "ఈసారి ఎవరి వామురా?" అంటాడు.

కిల్ స్విచ్ రిసీవర్ నుంచి కరెంటు తీసుకుంటుంది. సిగ్నల్ పోయినా, బ్యాటరీ పడిపోయినా ఇగ్నిషన్ వైరుని బాడీకి కలిపేస్తుంది, స్పార్కు ఆగుతుంది. అది వచ్చేలోపు థ్రాటిల్ లింకేజికి వెనక్కి లాగే స్ప్రింగ్ ఒకటి వేసుకోండి. కనెక్టర్‌కి జిప్ టై.

---

నాగావళి గట్టు | శనివారం సాయంత్రం 6:02

స్ప్రింగ్ ఇప్పుడే వేస్తున్నాను. కిల్ స్విచ్ ఆర్డరు పెట్టాను. కాయిల్ డబ్బులు దానికి సరిపోయాయి.

---

నాగావళి గట్టు | ఆదివారం రాత్రి 8:50

మడిలో రెండు ట్యాంకులు. రెండూ అడుగు దాకా. సగం దగ్గర వదిలాను, మోత టక్కున దిగింది. పావు దగ్గర వదిలాను, దిగింది. చివరికి గొట్టంలో బుడగలు కనిపించి, ఐడిల్‌లో మర్యాదగా ఆగింది. ప్లగ్గు కొస లేత గోధుమ రంగుకి తిరుగుతోంది. తెల్లగుడ్డ శుభ్రంగా ఉంది, రాజాంగారూ. కాకపోతే పినియన్, స్పర్ గేర్ మధ్య కరకర మొదలైంది. వాటి మధ్య నోటుపుస్తకం కాగితం పెట్టి బిగించి, తిప్పి తీశాను. ఇప్పుడు లేదు. ఇంజిన్ మౌంటు బోల్టు ఒకటి సగం వదిలేసి ఉంది. బోల్టు వదులవకుండా పట్టే నీలం లాక్‌టైట్ జిగురు వేశాను.

టైటిల్‌లో "దొరికింది" అని చేర్చాను.

---

బొబ్బిలి బుల్లోడు | ఆదివారం రాత్రి 9:30

ఇప్పుడే మా బావకి ఫోన్ చేశాను. అప్పుడు స్కూటర్‌కి కాయిల్‌తోపాటు పెట్రోలు గొట్టం కూడా మార్చారట.